రాయుడు పిలవని మనిషి

జోగమ్మ పిరికిది. ఈ మాట ఆమె చాటున అనుకునేది కాదు. ఖరగ్‌పూర్‌లోని మథురాకాఠి రైల్వే క్వార్టర్లలో అందరూ ఆమె ముఖం మీదే అనేవారు, ఆమె కూడా అవునని ఒప్పుకునేది. ఉరిమితే భయం, బల్లి అరిస్తే భయం, గేటు దగ్గర కొత్త మనిషి నిలబడితే భయం. నరసన్నపేట అవతల ఒక పల్లె నుంచి కొత్త కోడలిగా ఖరగ్‌పూర్‌లో దిగిన మర్నాడు, పొద్దున్నే రైలు కార్ఖానా సైరన్ కూస్తే మంచం కిందికి దూరిందట. ఆమె మామగారు తను పోయేదాకా ఆ ముచ్చట చెప్పుకుని నవ్వాడు. అలాంటి మనిషికి రాసిపెట్టి ఉన్న మొగుడు ఆ కార్ఖానాలో బాయిలర్లు చేసే షాపు మనిషి, తవిటయ్య.

పిల్లలు పుట్టి పుట్టి పోతుంటే, తరవాత పుట్టిన బిడ్డను చేటెడు తవుడికి అమ్మినట్టూ మళ్ళీ కొనుక్కున్నట్టూ చేసి ఆ పేరు పెడతారు. తవిటయ్య అలా దక్కిన బిడ్డ. "తవుడిచ్చి కొన్న పేణం, అంత బేగి పోదులే" అని వేళాకోళమాడేవాడు. జోగమ్మకు ఆ వేళాకోళం వింటే కూడా భయమే.

బాయిలర్ షాపులో పొద్దస్తమానం ఇనుప రేకుల మీద సుత్తులు పడుతుంటాయి. అక్కడ నోరు విప్పి లాభం లేదు. అందుకని లోపలివాళ్ళు చేతులతో మాట్లాడుకుంటారు. చెయ్యి మీదికెత్తితే ఆగమని. పిడికిలి కిందికి వేలాడేసి ఊపితే నెత్తి మీదికి క్రేన్ వస్తోందని. నుదుటికి అరచెయ్యి అడ్డం పెడితే ఫోర్‌మన్ వస్తున్నాడని, పని చేస్తున్నట్టు కనపడమని. ఈ చేతుల భాష మగవాళ్ళతో పాటు ఇళ్ళకీ వచ్చేసింది. ఉప్పు తక్కువైందని నోటితో చెప్పే మొగుడు ఆ వరసలో లేడు. చేతులతో పని కాకపోతే అరుపులే. మొగుడూ పెళ్ళాలు గుట్టుగా ఓ మాట చెప్పుకోవాలంటే సుభాష్‌పల్లి దాకా నడిచి వెళ్ళాలని పక్క క్వార్టరు ఆలిస్ ఎగతాళి చేసేది. అందరూ అరిచే చోట, అందరూ చేతులూపే చోట, ఒకడికి చెవులు పనిచెయ్యడం లేదని ఎవరికి తెలుస్తుంది? నిజంగానే ఎవరికీ తెలియలేదు. మనుషులకు తెలియలేదని నా ఉద్దేశం.

ఆ ఇంట్లో మనిషి కానివాడు ఒకడున్నాడు, రాయుడు. రెక్కలు సరిగ్గా రాకముందే గోల్ బజార్‌లో పిట్టలమ్మేవాడి దగ్గర తవిటయ్య కొనుక్కొచ్చిన చిలక. అది ఎనభై మూడులో. మూడేళ్ళు తిరిగేసరికి మెడకు కంఠి వచ్చింది, దాంతోపాటు ఇంటి పెత్తనమూ వచ్చింది. పగలంతా పంజరం తలుపు తీసే ఉంచేవారు. వరండాలో బట్టలారేసే తాడు మీద ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ వచ్చేపోయేవాళ్ళ లెక్క చూసేవాడు. పాలాయన గేటు తీస్తే "దాదా, దూధ్!" అనేవాడు. ఆలిస్ కనపడితే "ఆలిస్సూ, కూరేటి?" అని జోగమ్మ గొంతుతో అడిగేవాడు. కొత్త మొహమైతే "ఎవులది? ఎవులది?" అని నిలదీసేవాడు. జోగమ్మను మొగుడి గొంతుతో "ఒలే జోగీ" అని పిలిచేవాడు. ఆమె వంట వదిలేసి పరిగెత్తుకొస్తే, ఎవరూ లేని వరండాలో తల పక్కకు వాల్చి, ఒంటికన్నుతో చూసేవాడు. ఊరికే పిలవడం కాదు, పిలిస్తే ఏం జరుగుతుందో వాడికి తెలుసు. ఏ మనిషిని ఏ మాటతో కదిలించాలో, ఎవరి దగ్గర వేరుశనగ రాలుతుందో, ఎవరి దగ్గర తిట్లు రాలతాయో, అంతా ఆ గుప్పెడు తలకాయలో ఉండేది.

తవిటయ్యను "మావా" అని పిలిచేవాడు. సాయంత్రం సైకిల్ గేటు తాకితే చాలు, "మావా, మావా" అని వీధంతా దద్దరిల్లేది. ఆ పిలుపు ఎప్పుడో ఆగిపోయింది. ఎప్పుడో జోగమ్మకే తెలియదు.

ఆ సంగతి ముందుగా ఆలిస్ పట్టుకుంది. ఆలిస్ రైల్వే ఆస్పత్రిలో ఆయా. గోడ మీదుగా కూర గిన్నె అందిస్తూ నవ్వింది. "వొదినా, మీ సిలక మా అన్నయ్య మీద అలిగినాది. మమ్మల్నందర్నీ పిలుస్తాది గానీ ఆయన్ని పిలవదేటి?"

జోగమ్మ చిలకకు జబ్బు చేసిందేమోనని భయపడి పండుమిరపకాయ పెట్టి చూసింది. రాయుడు దాన్ని చక్కగా తిని, "దాదా, దూధ్!" అని పాలాయన్ని పిలిచాడు. జబ్బేమీ లేదు. అప్పుడు ఆమె గమనించడం మొదలుపెట్టింది. తవిటయ్య వచ్చి కూర్చోగానే రాయుడు నోరు మూసుకునేవాడు. తాడు మీద నడుచుకుంటూ సరిగ్గా అతని కళ్ళెదుటికి వచ్చి, ఒక కాలు పైకెత్తి, రెక్కలు విప్పి టపటపలాడించేవాడు. తవిటయ్య నవ్వి వేరుశనగ గింజ ఇచ్చేవాడు. ప్రపంచంలో అందరితో నోటితో మాట్లాడే చిలక, ఈ ఒక్క మనిషితో మాత్రం ఒంటితో మాట్లాడుతోంది. అలక అయితే గింజ అడగదు కదా అనుకుంది జోగమ్మ. అంతకుమించి ఆమెకు తట్టలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం తవిటయ్య వరండా మెట్టు మీద వీధి వైపు తిరిగి కూర్చుని సుత్తికి కొత్త పిడి బిగిస్తున్నాడు. జోగమ్మ గుమ్మంలోంచి "మావా, అన్నం" అంది. పలకలేదు. రెండడుగులు ముందుకు వచ్చి అంది. పలకలేదు. వీపు వెనకే నిలబడి, మెడ మీదికి వంగి అంది. సుత్తి పిడి మీదే చూపు. అప్పుడు రాయుడు ఆమెను చూశాడు, అతన్ని చూశాడు. తాడు దిగి, స్తంభం పట్టుకుని కిందికి పాకి, మెట్టు మీద గునగున నడిచి తవిటయ్య ముందుకెళ్ళి కాలెత్తి రెక్కలాడించాడు. తవిటయ్య తలెత్తి వెనక్కి తిరిగాడు. తన వెనక పెళ్ళాం నిలబడి ఉండటం చూసి తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయాడు.

ఆమె వచ్చి అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"ఎన్నాళ్ళయినాది?" అని అడిగింది. అతను ఆమె పెదాలు చూశాడు. ఇన్నాళ్ళూ తన ముఖం చూసి మాట్లాడుతున్నాడని మురిసిపోయిన పెళ్ళాం ఆమె. అతను చూసింది ముఖం కాదని ఇప్పుడు తెలిసింది.

"శానాళ్ళే. మెల్లమెల్లగా పోయినాయి. ఎర్రయ్యకి ఒక్కడికే తెలుసు."

"మరి కిరేను? దాని బెల్లు?"

"ఇనిపించదు."

నెత్తి మీద ఇనుప రేకులు మోసుకుంటూ క్రేన్ వస్తుంది. గంట మోగిస్తూ వస్తుంది. కింద ఉన్నవాళ్ళు గంట విని పక్కకు తప్పుకోవాలి. సుత్తుల మోతలో మాట వినపడకపోయినా ఆ గంట మాత్రం చెవులున్నవాళ్ళకు వినపడుతుంది. తవిటయ్యకు గంటంటే ఎర్రయ్య చెయ్యి. పక్కనే పనిచేసే ఎర్రయ్య, క్రేన్ కదలగానే తవిటయ్య భుజం మీద చరిచి పక్కకు లాగుతాడు. ఇన్నేళ్ళుగా తన మొగుడి ప్రాణం ఇంకొకడి అరచేతిలో ఉందని జోగమ్మకు ఆ మెట్టు మీద కూర్చున్నప్పుడు తెలిసింది.

"సెప్పీ మావా. ఆపీసోల్లకి సెప్పీ. ఏదో సిన్న పని ఇస్తారు."

"సెప్తే అన్‌ఫిట్టని తోసీస్తారు. ఈ క్వార్టరు ఖాలీ సెయ్యమంటారు. ఊల్లో మనకి గుడిసైనా నేదు. ఎక్కడికి ఎల్తావు?" అని అరిచాడు తవిటయ్య. వెంటనే చుట్టూ చూసి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఎవులికీ సెప్పకు. నా మీద ఒట్టు."

ఒట్టు పెట్టించుకున్నాడు గానీ, భయం ఎక్కడ పెట్టుకోవాలో చెప్పలేదు.

గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయంటారు. రైళ్ళ ఊళ్ళోనే ఉంటున్నా జోగమ్మకు ఆ మాట అర్థం అయింది అప్పుడే. పొద్దున్న సైరన్‌కు అతని సైకిల్ సందు మలుపు తిరిగితే మొదలు. సాయంత్రం అదే మలుపులో సైకిల్ కనపడేదాకా ఆమె తిన్నది అరిగేది కాదు. మధ్యలో ఎవరైనా పరుగు మీద వస్తే పైప్రాణాలు పైనే పోయేవి. పోస్టు ఇవ్వడానికి వచ్చినవాడూ, ఆవును తరుముకొచ్చినవాడూ ఆమె కంటికి కబురు తెచ్చినవాళ్ళలాగే కనపడేవారు. ఇంకొక పక్క రాయుడి భయం. చుట్టం వచ్చినా, షాపు మనిషి వచ్చినా, ఆ చిలక ఒక్కణ్ణి మాత్రం పిలవకుండా ఎదుటికెళ్ళి రెక్కలాడిస్తే తెలివైనవాడు పట్టెయ్యడా? గేటు చప్పుడైతే వాణ్ణి పంజరంలో తోసి పైన దుప్పటి కప్పేది. దుప్పటి లోపలి నుంచి "ఒలే జోగీ, ఒలే జోగీ" అని మొగుడి గొంతు వినిపించేది. చెప్తే క్వార్టరు పోతుంది, చెప్పకపోతే మనిషే పోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఇంకో సంగతి కూడా అప్పుడే అర్థం అయింది. ఏటా విశ్వకర్మ పూజ నాడు కార్ఖానా గేట్లు తెరిచి కుటుంబాలను లోపలికి రానిస్తారు. యంత్రాలకు దండలేసి, బొట్టు పెట్టి, ప్రసాదాలు పంచుతారు. ఊరంతా కొత్తబట్టలు కట్టుకుని వెళ్తుంది. తవిటయ్యకు మాత్రం ఏటా ఆ రోజే జ్వరం. జోగమ్మ ఆ యంత్రాలను చూడాలంటే భయం కాబట్టి, జ్వరం వచ్చినందుకు లోలోపల సంతోషించేది కూడా. అది జ్వరం కాదు. ఆ ఒక్క రోజూ షాపులో సుత్తులు మోగవు. ఆ ఒక్క రోజూ అందరూ చేతులు దించి నోటితో మాట్లాడతారు.

ఎనభై తొమ్మిది వానాకాలంలో ఎర్రయ్య రిటైరయ్యాడు. మెడలో దండతో ఇంటికి వచ్చి, తవిటయ్య పెరట్లో ఉన్నప్పుడు జోగమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. ఝపటాపూర్‌లో కట్టుకున్న ఇంటికి మర్నాడే మారిపోతున్నాడు.

"సెల్లీ, ఆడికి నువ్వే సెప్పాల. నాను సెప్పి సెప్పి అలిసిపోయినాను. ఇకనించి నా సెయ్యి ఆడి బుజం మీద ఉండదు."

ఆ సాయంత్రం జోగమ్మ మొగుడి కాళ్ళు పట్టుకుంది. అతను ముఖం తిప్పేసుకున్నాడు. చెవిటివాడితో పోట్లాటలో అదే చిక్కు, అతను అటు తిరిగితే నీ మాటలు అయిపోయినట్టే. మర్నాడు అతను పనిలోకి వెళ్తుంటే గేటు పట్టుకుని ఏడ్చింది. వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా ఆ గేటు దగ్గరే ఉండిపోయింది. అన్నం వండలేదు, నీళ్ళు పట్టలేదు. రాయుడు తాడు మీంచి అన్ని పిలుపులూ పిలిచి, పలికే నాథుడు లేక ఊరుకున్నాడు.

సాయంత్రం తవిటయ్య ఈల వేసుకుంటూ వచ్చాడు.

"ఏడవకే. ఎర్రయ్య జాగాలో జగ్గారావనీసి కొత్త మిస్త్రీ వొచ్చినాడు. వేరే షాపు నించి. ఆయనయి పాము సెవులు. బెల్లు మోగకముందే కదుల్తాడు. నాను ఆయన మీదే కన్నేసి ఉంచినాను. ఆయన కదిల్తే నాను కదుల్తాను. అయిపోనాది."

"ఆయనకి సెప్పినావా?"

"సెప్పడమెందుకు? సూస్తే సాలు గదా."

జోగమ్మ కళ్ళు తుడుచుకుంది. ముఖం తెలియని ఆ జగ్గారావుకు మనసులోనే దణ్ణం పెట్టుకుంది. ఆ తరవాత చాలా రోజులు కాస్త అన్నం తిన్నది. భయం పోలేదు గానీ, భయానికి ఒక ఆసరా దొరికింది.

ఆసరా ఒకరోజు ఇంటికే వస్తానన్నాడు, అదీ విశ్వకర్మ పూజ నాడు. ఆ జనం, ఆ గోల తనకు గిట్టవట, తవిటయ్యకు ఎలాగూ ఒంట్లో బాగుండదు కాబట్టి అతని ఇంటికే వచ్చి కూర్చుంటాడట. జోగమ్మకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తెల్లారగట్లే లేచి పప్పు నానబోసింది. మాంసం తెప్పించింది. తన మొగుడి ప్రాణాన్ని కాస్తున్నవాడికి ఎన్ని గారెలు వండితే తీరుతుంది ఆ రుణం?

జగ్గారావు నెరిసిన మీసాల పెద్దమనిషి. వస్తూనే "దణ్ణాలు సెల్లీ" అని నవ్వుతూ చేతులు జోడించాడు. హడావుడిలో జోగమ్మ చిలక మీద దుప్పటి కప్పడం మరిచిపోయింది. ఆలిస్ తప్ప ఊరు ఊరంతా కార్ఖానాలో ఉంది. ఆకాశం నిండా గాలిపటాలు. ఎక్కడో దూరాన మైకు మోగుతోంది. వరండాలో ఎదురెదురుగా మంచం మీదా స్టూలు మీదా కూర్చుని మగవాళ్ళిద్దరూ చేతులతో కబుర్లు మొదలుపెట్టారు. జగ్గారావు వీపు వంటింటి వైపు ఉంది. జోగమ్మ మూకుడు ముందు కూర్చుని గుమ్మంలోంచి వాళ్ళను చూస్తూ గారెలు తడుతోంది.

"ఎవులది? ఎవులది?" అన్నాడు రాయుడు తాడు మీంచి.

ఆ మాటకు నవ్వని కొత్త మనిషి ఇంతవరకూ లేడు. జగ్గారావు తల తిప్పలేదు.

"ఎవులది?" ఈసారి గట్టిగా. ఆ తరవాత ఆలిస్ గొంతుతో అన్నాడు. పాలాయన సైకిల్ గంటలా కూడా మోగాడు. జగ్గారావు చెయ్యి గాలిలో ఏదో రేకు కొలత చూపిస్తోంది. రాయుడు ఊరుకున్నాడు. తల వాల్చి ఆ మనిషిని ఒక కన్నుతో చూశాడు, తరవాత రెండో కన్నుతో చూశాడు. నెమ్మదిగా తాడు మీద నడుచుకుంటూ చుట్టు తిరిగి జగ్గారావు కళ్ళెదుటికి వచ్చాడు. ఒక కాలు పైకెత్తాడు. రెక్కలు విప్పి టపటపలాడించాడు.

"ఓరి నీ అసాజ్జం కూలా!" అని జగ్గారావు పకపకా నవ్వాడు.

మూకుట్లో గారె మాడిపోతోంది. జోగమ్మ లేచింది. గూట్లోంచి పెద్ద ఇత్తడి పళ్ళెం తీసి, గుమ్మం దగ్గరకు వచ్చి, జగ్గారావు వీపు వెనక సిమెంటు నేల మీదికి వదిలేసింది. పళ్ళెం ఖంగుమని పడి, గిరగిరా తిరిగి, చాలాసేపు మోగి ఆగింది. రాయుడు బెదిరి పంజరంలో దూరాడు. వరండాలో మగవాళ్ళిద్దరూ ఒకరి చేతులు ఒకరు చూసుకుంటూ కబుర్లాడుకుంటూనే ఉన్నారు.

"ఏటి పడింది వొదినా?" అని గోడ అవతలి నుంచి ఆలిస్ కేకేసింది.

జోగమ్మ వెళ్ళి జగ్గారావు ఎదుట నిలబడింది. నోరు తెరిచి, గొంతు ఏమాత్రం కలపకుండా, ఉత్త పెదాలు కదిలించింది.

"నీకు సెవులు ఇనిపించవు గదా బావూ?"

జగ్గారావు ముఖంలో నవ్వు ఆరిపోయింది. "ఎవులు సెప్పినారు నీకు?" అన్నాడు.

"ఏటి? ఏటి సెప్పడం?" అని తవిటయ్య ఒకరి ముఖం నుంచి ఒకరి ముఖానికి చూశాడు. జోగమ్మ మొగుడి చెవిని ముట్టుకుంది, జగ్గారావు చెవి వైపు వేలు చూపింది, అరచెయ్యి అడ్డంగా ఊపింది. ఆ షాపులో పుట్టిన భాషే, ఇద్దరికీ ఒక్కసారే అర్థం అయింది.

జగ్గారావు తవిటయ్య మోకాలు పట్టుకున్నాడు.

"నీకు ఇనిపిస్తాది గదా తవిటీ?" అన్నాడు జగ్గారావు, బతిమాలుతున్నట్టు. "నువ్వున్నావు గదా అనీసే నాను ధైర్నంగా ఉన్నాను. బెల్లు మోగితే నువ్వే గదా ముందు కదిలేవోడివి?"

"నువ్వు కదిల్తే నాను కదిలినాను."

"నాను నిన్ను సూసే కదిలినాను."

తవిటయ్య చేతిలోని గారె కింద పడింది. "మరి మొన్న ఆ పెద్ద రేకు మన నెత్తి మీంచి ఎల్లిపోయినప్పుడు? నువ్వు కదల్నేదు గదా, దూరంగా ఉన్నాదేమో అనుకున్నాను."

"నువ్వు కదల్నేదనే నాను..." జగ్గారావు మీసాల మీదుగా కన్నీళ్ళు కారిపోయాయి. పెద్దమనిషి అలా ఏడుస్తుంటే చూడలేకపోయింది జోగమ్మ. తవిటయ్య తన నెత్తిని తనే తడుముకుంటున్నాడు, అది ఇంకా అక్కడే ఉందా అన్నట్టు.

జోగమ్మకు అంత భయం జన్మలో వెయ్యలేదు. ఇన్నాళ్ళూ జరుగుతుందేమోనని భయపడింది. అది వచ్చి, తన మొగుడి తల మీదుగా దాటి వెళ్ళిపోయిందని, ఆ సాయంత్రం తను ఏమీ తెలియక అతనికి చేపల పులుసు వడ్డించిందని ఇప్పుడు తెలిసింది. ఆ భయంతోనే ఇద్దరి ముందూ నేల మీద కూర్చుని, పెదాలు బాగా కనపడేలా ఒక్కొక్క మాటా విడదీసి చెప్పింది.

"రేపు సైరనికి మీరిద్దరూ లోపలికి ఎల్లరు. ఆస్పత్రికి ఎల్తారు. నాను కూడా వొస్తాను."

"ఉజ్జోగం?" అన్నాడు తవిటయ్య.

"పోనీ."

"క్వార్టరు?"

"పోనీ. సెట్టు కిందైనా నీ పక్కనే పడుకుంటాను. నువ్వు నేని క్వార్టరు నాకెందుకు?"

మర్నాడు సైరన్ కూసింది. సందులో సైకిళ్ళన్నీ కార్ఖానా వైపు పోతుంటే, ఈ ముగ్గురూ ఆస్పత్రి వైపు నడిచారు. రాత్రే జోగమ్మ నోట సంగతంతా విన్న ఆలిస్ ముందే వెళ్ళి డాక్టరు గది బయట బెంచీ మీద చోటు పట్టి ఉంచింది. రాత్రి భయం తెల్లారితే సగం అయిపోతుంది, మగవాళ్ళకు మరీను. దారిలోనే తవిటయ్యకు ఆశ మొదలైంది.

"ఒలే, నాకు కూసింత ఇనిపిస్తాది. నిన్న పల్లెం పడినప్పుడు కూడా ఏదో అయినట్టే అనిపించినాది. నాను పాసైపోతాను సూడు. అప్పుడు జగ్గారావుకి సిన్న పని ఇప్పిస్తారు. నా పక్కకి ఇంకో మనిషొస్తాడు."

జోగమ్మ ఏమీ అనలేదు. ఏమన్నా అతను చూడాలి కదా.

ముందు తవిటయ్యను పిలిచారు. జగ్గారావు బెంచీ మీద తలవంచుకుని ఉండిపోయాడు. డాక్టరు బెంగాలీ ఆయన, నెమ్మదైన మనిషి. భార్య కూడా ఉండొచ్చా అని ఆలిస్ అడిగితే, ఠీక్ హై అన్నాడు. గది చిన్నది. తవిటయ్యను స్టూలు మీద కూర్చోబెట్టి, తను అతని వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు. తను అన్న మాటను తిరిగి అనాలని ముందే చెప్పాడు. జోగమ్మకు నిలబడటానికి చోటు మొగుడికి ఎదురుగా గోడ పక్కనే దొరికింది.

"పానీ" అన్నాడు డాక్టరు వెనక నుంచి, మామూలు గొంతుతో.

తవిటయ్య భుజాలు బిగుసుకున్నాయి. ఎక్కడో ఏదో మాట పుట్టిందని అతనికి తెలుసు, ఏ మాటో తెలియదు. అతని చూపు సూటిగా వచ్చి జోగమ్మ పెదాల మీద ఆగింది.

ఆమెకు అర్థం అయింది. రెండంటే రెండు అక్షరాలు. గొంతు అక్కర్లేదు, పెదాలు ఒకసారి తాకి విడిస్తే చాలు, అతను పట్టేస్తాడు. డాక్టరు వెనక ఉన్నాడు, ఆయన చూపు అతని చెవి మీద ఉంది. క్వార్టరు ఉంటుంది, కొళాయి ఉంటుంది, ఆలిస్‌తో గోడ మీదుగా కబుర్లుంటాయి, నెలాఖరుకు జీతం వస్తుంది. తవిటయ్య కళ్ళు బతిమాలుతున్నాయి. కట్టుకున్నప్పటి నుంచీ, ఆ ఒట్టు తప్ప, ఆ మనిషి ఆమెను నోరు తెరిచి ఏదీ అడగలేదు, ఇప్పుడు కళ్ళతో అడుగుతున్నాడు. తెలియకుండానే ఆమె పెదాలు దగ్గరకు వచ్చాయి.

జోగమ్మ పమిట కొంగు లాగి నోటికి అడ్డం పెట్టుకుంది.

"పానీ" అని డాక్టరు ఇంకాస్త గట్టిగా అన్నాడు. తవిటయ్య ఆమె వైపే చూస్తున్నాడు. జోగమ్మ కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, కొంగు పట్టుకున్న చెయ్యి మాత్రం ఆమె దించలేదు.